సురభి వాళ్ళు మీ ఊళ్ళో ఏ నాటకాలు ఆడారు? మా జేజి చూసిన నాటకం పేరు కావాలి

రాయచోటి_పిల్లోడు · శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది రాయచోటి పక్కన ఒక పల్లె. మా జేజికి ఎనభై నాలుగేండ్లు. కండ్లు మసకబారినాయి గానీ జ్ఞాపకం మాత్రం మనకంటే గట్టిది. మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు టీవీలో ఏదో పౌరాణిక సినిమా వస్తాంటే ముఖం తిప్పుకొని, "మేం చూసినాం రా సురభోళ్ళ ఆట. దాని ముందర ఇదొక ఆటనా" అనింది. ఏం ఆట జేజీ అంటే పేరు గుర్తు లేదంట. పదకొండో పన్నెండో ఏట వాళ్ళ నాయన ఎద్దులబండి కట్టి తీసుకపోయినాడంట. గుర్తుండేది ఒకటే. "ముగ్గురు గడ్డాల సాములు అన్నానికి వచ్చినారు. ఆ యమ్మ నీళ్ళు చల్లితే ముగ్గురూ చంటిబిడ్డలైపోయినారు. బొమ్మలు గాదు రా, నిజం బిడ్డలు. కాళ్ళు చేతులు ఆడిస్తాండిరి."

ఆ నాటకం పేరేమో ఎవరైనా చెప్తారా?

ఇంకొకటి కూడా అడగాలని ఉంది. సురభి ఊరు మాకు దూరం కాదు, చక్రాయపేట మండలం. అక్కడ పుట్టిన ఈ నాటకాల కంపెనీ ఇన్నేండ్లలో ఏమేం ఆడిందో ఒక్కచోట రాసిపెట్టుకుందామని ఆశ. చూసినవాళ్ళు ఏ ఊళ్ళో, సుమారుగా ఎప్పుడు, ఏ నాటకం చూసినారో రాయండి. మా జేజి వయసోళ్ళు ఉన్నప్పుడే అడిగి పెట్టుకోవాల.

తెనాలి_అమ్మాయి · శనివారం రాత్రి

అది సతీ అనసూయ అండీ, సందేహమే లేదు. త్రిమూర్తులు సన్యాసుల వేషంలో అత్రి మహర్షి ఆశ్రమానికి వచ్చి, బట్ట లేకుండా వడ్డిస్తేనే తింటామని పేచీ పెడతారు. ఆవిడ మంత్రజలం చల్లి ముగ్గుర్నీ పసిపాపల్ని చేసేస్తుంది. బిడ్డల ముందు తల్లికి సిగ్గేముంది! ఎత్తుకుని పాలిచ్చి ఊయలలో పడుకోబెడుతుంది. తర్వాత లక్ష్మీ, సరస్వతీ, పార్వతీ పరుగెత్తుకొస్తారు, ముగ్గురిలో ఎవరి మొగుడెవరో పోల్చుకోలేక తంటాలు పడతారు. మా అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు అక్కడికి రాగానే నవ్వాపుకోలేకపోయేది.

నేను చూసినవి మూడే. మాయాబజారు, శ్రీకృష్ణ లీలలు, లవకుశ. మూడూ హైదరాబాదులోనే, పబ్లిక్ గార్డెన్స్ లలితకళా తోరణంలో.

పాతతెర · ఆదివారం ఉదయం

మంచి పని తలపెట్టావు నాయనా. జాబితా కట్టేముందు మొదటి పేరు రాసుకో: కీచకవధ, 1885. మీ సీమలోనే, సురభి ఊరిని అప్పట్లో సొరుగు అని పిలిచేవారు, అక్కడ ఒక పెళ్ళి సందర్భంగా ఆడారు. ఆడినవారు అప్పటిదాకా తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబం. మరాఠీ దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు. వనారస గోవిందరావు గారు, ఆయన బంధువర్గం.

ఈ తోలుబొమ్మల సంగతి పైపైన చూసి వదిలేయొద్దు. సురభి నాటకం ఎందుకలా ఉంటుందో అందులోనే ఉంది. బొమ్మలాటలో రావణుడి తల తెగి మళ్ళీ మొలుస్తుంది, హనుమంతుడు గాల్లో తేలిపోతాడు. తెర వెనక కూర్చుని అవన్నీ చేయించిన చేతులవి. వాళ్ళే వేషం కట్టి ముందుకొచ్చినప్పుడు ఆ మాయనంతా వెంట తెచ్చుకున్నారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1880లో విద్యార్థులతో వ్యవహార ధర్మబోధిని ఆడించారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు 1887లో చిత్రనళీయం వేశారు. అవన్నీ చదువుకున్న ప్లీడర్లూ ఉపాధ్యాయులూ సాయంత్రాలు చేసిన పని. మధ్యలో ఈ కుటుంబం మాత్రం పొట్టకూటికీ, పిల్లల పెంపకానికీ అన్నిటికీ నాటకాన్నే నమ్ముకుంది.

ఇంకొక్క మాట. మిగతా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. స్థానం నరసింహారావు గారు ఆ వేషాలతోనే జగత్ప్రసిద్ధులయ్యారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సురభిలో మాత్రం ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు. భార్య సీత, భర్త రాముడు, వాళ్ళ పిల్లలే కుశలవులు. మీ జేజి చూసిన చంటిబిడ్డలు బొమ్మలు కాకపోవడానికి కారణం అదే. ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉయ్యాల్లో ఉండేవారు.

పాలకొండ_మాస్టారు · ఆదివారం ఉదయం

ఉత్తరాంధ్ర తరఫున నాది ఒక చేర్పు. సురభి సమాజాల్లో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో మొదలైంది మా పక్క జిమిడిపేటలో. రాయగడ వెళ్ళే రైలుమార్గంలో ఉంటుందా ఊరు. కడపలో పుట్టిన చెట్టు కొమ్మ ఎంత దూరం పాకిందో చూడండి. పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, ఒక్కో కుటుంబం ఒక్కో సమాజంగా విడిపోయేది. ఒకప్పుడు ముప్పైకి పైగా ఉండేవి. ఇప్పుడు ఐదు.

నా చిన్నతనం, అరవైల మాట. మా ఊరి సంత తోటలో తాటాకు పందిరి వేసుకుని రెండు నెలలకు పైగా ఉన్నారు. నేల, బెంచీ, కుర్చీ, మూడు రకాల టిక్కెట్లు. సాయంత్రం ఒంటెద్దు బండికి మైకు కట్టి ఊరంతా తిరిగేవారు, "ఈ రాత్రి బాలనాగమ్మ! బాలనాగమ్మ!" అని. నేను నేలలో కూర్చుని చూశాను. మాయల మరాఠీ నాగళ్ళపూడి గుహలో నవ్వితే పక్కనున్న మా చెల్లి నా చొక్కా పట్టుకుని వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళకు వెళ్తే ఆ మాయల మరాఠీ మా నూతి గట్టున కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. కంటికింద కాటుక ఇంకా పోలేదు. చంకలో పిల్లాడు. నన్ను చూసి, "తోడతావా బాబూ, వీడు దిగడం లేదు" అన్నాడు. తోడి పోశాను. ఈ చేతులతో మాయల మరాఠీకి నీళ్ళు పోశానని ఆ ఏడంతా బళ్ళో చెప్పుకుని తిరిగాను.

నేను చూసినవి: బాలనాగమ్మ, లవకుశ, హరిశ్చంద్ర, భక్త ప్రహ్లాద. ఇంకా ఉన్నాయి, గుర్తు చేసుకుని రాస్తాను.

సిరిసిల్ల_నేతన్న · ఆదివారం మధ్యాహ్నం

మా దిక్కు గూడ వొచ్చిండ్రు. ఎనభైలల్ల. సాంచెల మీద పని చేసి దిగినంక తానం జేసి అన్నం తిని సక్కగ అటే పొయ్యెటోళ్ళం. మా నాయిన, మా చిన్నాయిన, నేను. బ్రహ్మంగారి చరిత్ర మూడు సార్లు సూసినం. ఎందుకు మూడు సార్లు అంటే, ఆడిందే ఆట అయినా సిద్దయ్య వేషం ఒక్కోసారి ఒక్కలు కట్టిండ్రు. మొదలు కట్టినాయినకు జరం వస్తే తెల్లారి ఆయన తమ్ముడు కట్టిండు. ఒక్క మాట తప్పలె. ఇంట్ల అందరికీ అందరి మాటలు వొచ్చు అని మా నాయిన చెప్పిండు.

మాయాబజార్ల లడ్డూలు గాలిల లేసి ఘటోత్కచుని నోట్లెకు పోతయ్ సూడుండ్రి, గది ఎట్ల జేస్తరో నాకు ఇప్పటిదాక సమజ్ కాలె.

రంగంవెనక · ఆదివారం సాయంత్రం

నేతన్నా, దానికి నేను చెప్పగలను. హైదరాబాదులో కొన్నేళ్ళు లైట్లు పట్టుకున్నాను, సురభి వాళ్ళ ప్రదర్శనలకి పక్క నుంచి సాయం చేసే అదృష్టం దొరికింది. అన్నీ చెప్పేస్తే మాయ పోతుందేమో అని సంకోచించాను. కానీ తెలిశాక నాకు గౌరవం పెరిగింది, అందుకని రాస్తున్నాను.

లడ్డూలకి కంటికి కనపడని సన్నటి నల్ల దారం. వెనక నల్ల తెర, దారం మీద వెలుగు పడకుండా లైటు పక్క నుంచి కొట్టాలి. ఇక్కడే మాలాంటి వాళ్ళం తిట్లు తిన్నది. పైన అటక మీద కూర్చున్న మనిషి చేతివేళ్ళకి దారాలు చుట్టుకుని పాట నడకకి తగ్గట్టు ఆడిస్తాడు. ఇందాక పెద్దాయన తోలుబొమ్మల మాట అన్నారు చూశారా, ఒళ్ళు జలదరించింది. అది అదే చెయ్యి.

బాణాలైతే రెండు వైపుల నుంచీ తీగ మీద జారుతూ వస్తాయి. మధ్యలో ఎదురెదురుగా తగిలే చోట నిప్పురవ్వలు పుట్టాలి. ఒక్క క్షణం తేడా వచ్చినా ఒక బాణం ఆగిపోయి రెండోది దాన్ని వెతుక్కుంటూ వస్తున్నట్టు కనపడుతుంది. అందుకని రెండు పక్కలా ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూడరు, తబలా మీద చెవి పెట్టి వదులుతారు. నేను చూసినన్ని రోజుల్లో గురి తప్పింది ఒక్కసారి.

ఇక తెరలు. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, అంతఃపురం, స్వర్గం... ఒకదాని వెనక ఒకటి వరసగా వేలాడుతుంటాయి. ముందు తెర మీద ఇద్దరు హాస్యగాళ్ళు వీధిలో మాట్లాడుకుంటుంటే, వెనకాల చప్పుడు కాకుండా దర్బారు కట్టేస్తారు. సింహాసనం మోసేవాడు మరో రెండు నిమిషాల్లో మంత్రిగా వస్తాడు. ఆ మోసేటప్పుడు కిరీటం ఒక చేత్తో పట్టుకుంటాడు, పడిపోకుండా.

హార్మోనియం · ఆదివారం రాత్రి

అందరూ లడ్డూలూ బాణాలూ అంటున్నారు. క్షమించాలి, నాకు బాధగా ఉంది. సురభి వాళ్ళంటే ఇంద్రజాలం అన్న ముద్ర వేసేసి పద్యాన్ని పక్కన పెట్టేశాం. హరిశ్చంద్రలో కాటిసీను చూడండి. అక్కడ తీగల్లేవు, మెరుపుల్లేవు. ఒక మనిషి, ఒక కర్ర, ఒక చితి. జాషువా గారి శ్మశానవాటిక పద్యాలు ఆ సీనులో చేరిపోయి తెలుగునాట అందరి నోళ్ళలోనూ నానాయంటే, పాడినవాళ్ళ గొంతు వల్ల. మా గురువుగారు సురభి వారి దగ్గర హార్మోనియం మీద కొన్నాళ్ళు ఉన్నారు. నటుడి శృతి ఆ పూట ఎంత ఉందో ప్రార్థనలోనే కనిపెట్టి, గొంతు బొంగురుగా ఉంటే అర మెట్టు దించి వాయించేవారట, నటుడికి కూడా చెప్పకుండా. ఈ పనితనం ఎవరూ టిక్కెట్టు కొని చూసేది కాదు, కానీ రాత్రి రెండింటి దాకా జనం కదలకుండా కూర్చున్నది దాని వల్లే.

పాతతెర · ఆదివారం రాత్రి

హార్మోనియం గారూ, మీ బాధ న్యాయమైనదే. అయితే నాదొక మనవి. పద్యం కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు, లడ్డూ కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. కంపెనీ ఒక ఊళ్ళో రెండు మూడు నెలలు దిగితే, రోజూ అదే జనం రావాలి. కాబట్టి ఈ రోజు ముసలివాళ్ళు ఏడ్చే హరిశ్చంద్ర, రేపు పిల్లలు గోలచేసే పాతాళభైరవి, ఎల్లుండి ఆడవాళ్ళ కోసం అనసూయ, వారం చివర బ్రహ్మంగారు. ఏ నాటకం ఎందుకు ఎన్నుకున్నారో చూస్తే ఆ ఊరి మనుషులే కనపడతారు. ఈ లెక్కన కంపెనీ దగ్గర చేతిలో ఎప్పుడూ పాతిక నాటకాలైనా సిద్ధంగా లేకపోతే పందిరి వేసిన ఖర్చు కూడా రాదు. ఒక్కటే నాటకం ఏడాదంతా తిప్పే సమాజాలకీ వీళ్ళకీ తేడా అది.

పౌరాణికాలే ఆడారనుకోవద్దు. చింతామణి, రంగూన్ రౌడీ లాంటి సాంఘికాలు కూడా సురభి వారి పట్టికలో ఉన్నాయి.

తెనాలి_అమ్మాయి · ఆదివారం రాత్రి

జాబితాలో భక్త ప్రహ్లాద పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. మొట్టమొదటి తెలుగు టాకీ దాన్నుంచే వచ్చింది, హెచ్.ఎం. రెడ్డి గారి దర్శకత్వంలో, 1931లో. అందులో లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి గారు. ఆవిడ రంగస్థలం మీదే పుట్టారని చెప్పుకుంటారు. వాళ్ళమ్మ దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చాయట, తెర దించి పురుడు పోశారట, బిడ్డ ఏడుపు విని జనం చప్పట్లు కొట్టారట.

పాతతెర · ఆదివారం రాత్రి

అమ్మాయీ, సంవత్సరం ఒక్కటి సరిదిద్దుకో. చాలాకాలం అందరం 1931 సెప్టెంబరు 15 అనే రాసుకున్నాం. సెన్సారు తేదీ 1932 జనవరి 22 అని పరిశోధనలో బయటపడింది. సినిమా విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న, బొంబాయిలో. తక్కిందంతా నువ్వు చెప్పినట్టే.

బళ్ళారి_తెలుగు · సోమవారం ఉదయం

మా ఊరి పేరు రాగానే ఆగలేకపోయాను. భక్త ప్రహ్లాద రాసింది మా ధర్మవరం వారే. అంటే బళ్ళారిలో ఒక ప్లీడరు రాసిన నాటకం, కడప నుంచి బయల్దేరిన కుటుంబం చేతిలో పడి ఊరూరా ఆడి, చివరికి బొంబాయిలో తెలుగు మాట్లాడిన మొదటి బొమ్మ అయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

మరొక కన్నడ బంధం: బి.వి. కారంత్ గారు. తొంభైలలో వచ్చి సురభి వాళ్ళతో కూర్చుని భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ చేయించారు. చివరిది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన సెజువాన్ మంచి మనిషి కథకు హైదరాబాదు బస్తీ వేషం. ఇవి జాబితాలో ప్రత్యేకంగా ఉండాలి. తాతల నుంచి వచ్చిన వరస కాకుండా, బయటి దర్శకుడు ఒకాయన వాళ్ళ బలమేమిటో తెలుసుకుని కొత్తగా కట్టించినవి.

హార్మోనియం · సోమవారం మధ్యాహ్నం

యాదమ్మ నేను చూశాను. నిజం చెప్పాలంటే వెళ్ళేటప్పుడు భయపడ్డాను, ఈ కొత్తదనంలో వీళ్ళ గొంతు పోతుందేమోనని. పోలేదు. రాజుల వేషాలు కట్టే మనుషులు బస్తీ భాష మాట్లాడుతుంటే పక్కనున్న ఆటో డ్రైవరు ఒకాయన "మన ముచ్చటే" అన్నాడు. అయినా నా ఓటు పాతవాటికే. అరగంట ఆగి ఒక పద్యం పాడగలిగిన నటుడు వేరే ఎక్కడా దొరకడు. దొరికే చోట వాడుకోవాలి కదా.

బళ్ళారి_తెలుగు · సోమవారం మధ్యాహ్నం

అర్థమైంది గానీ ఒప్పుకోలేను. వాళ్ళ పిల్లలు బడికి పోయి వచ్చిన తరం. వాళ్ళకూ తమ కాలపు నాటకం ఒకటి ఉండాలి. భీష్మ, చండీప్రియ చేసినంత మాత్రాన మాయాబజారు ఆపలేదుగా.

సిరిసిల్ల_నేతన్న · సోమవారం రాత్రి

రెండూ ఉండాలె అన్నా. గొడవెందుకు. నాకైతే ఒక బాధ ఉంది, అది చెప్త. తొంభైలల్ల మా దిక్కు మల్ల వొద్దామని అడిగితే, ఏండ్లకేండ్లు ఇచ్చిన జాగనే ఎగ్జిబిషన్‌కు ఇచ్చేసిండ్రు. అరవై డెబ్బై మంది మనుషులు, లారీల సామాను, చిన్న పిల్లలు. జాగ లేకపోతే యాడ దిగుతరు? టీవీ వొచ్చింది, సినిమా వొచ్చింది అంటరు గని, జాగ పోవుడు గూడ పెద్ద దెబ్బ. నెలల కొద్ది ఉండే ఆట ఒక్క పూట హాల్ల ఎట్ల పడుతది? ముందటి ఆటకు పెట్టిన అడవి, ఇప్పటి దర్బార్, అన్నీ ఒక్క దినంల ఎక్కించి దించాలంటే పానం పోతది.

రంగంవెనక · సోమవారం రాత్రి

నేతన్న చెప్పింది అక్షరాలా నిజం. ఒక పూట హాలు ఇచ్చినప్పుడు పొద్దున ఆరింటికి మొదలుపెడితే తెరలు కట్టడానికే మధ్యాహ్నమవుతుంది. పైన గడలు లేని హాళ్ళుంటాయి, మనిషిని ఎగరేయడానికి తీగ కట్టే చోటుండదు. అప్పుడు నారదుడు నడిచే వస్తాడు. ఆ రోజు ఆ వేషం కట్టినాయన ముఖం చూడలేకపోయాను.

లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది కదా, అక్కడ ఇళ్ళు వచ్చాక కుటుంబాలు ఒకచోట నిలదొక్కుకున్నాయి, పిల్లలకి బడి దొరికింది. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, మేమంతా బాబ్జీ గారు అంటాం, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు కాలనీలో పండగ. 2022లో ఆయన పోయారు. కరోనా రెండేళ్ళూ ప్రదర్శన లేక తెరలు మడతల్లోనే ఉండిపోయాయి. ఎండకి వేసి విప్పుతుంటే ఒక అడవి తెర మడత దగ్గర రంగు పెచ్చులూడింది. వెంటనే ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని ఆ చెట్ల ఆకులు ఒక్కొక్కటీ మళ్ళీ దిద్దారు. అచ్చు పాత ఆకుల్లాగే, ఒక ఆకుకి తెల్లగీత, పక్కదానికి లేదు.

రాయచోటి_పిల్లోడు · మంగళవారం రాత్రి

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. ఇప్పటిదాకా వచ్చినవి రాసుకున్నా: కీచకవధ, భక్త ప్రహ్లాద, హరిశ్చంద్ర, లవకుశ, మాయాబజారు, శ్రీకృష్ణ లీలలు, సతీ అనసూయ, బాలనాగమ్మ, పాతాళభైరవి, బ్రహ్మంగారి చరిత్ర, చింతామణి, రంగూన్ రౌడీ, భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ. బ్రహ్మంగారి మఠం మా పాత కడప జిల్లాదే కాబట్టి ఆ పేరు రాసేటప్పుడు చేతికి ఒక ఊపు వచ్చింది. మాస్టారూ, మీరు గుర్తు చేసుకుంటామన్నవి కూడా చేర్చండి.

నిన్న రాత్రి ఫోన్లో మా జేజికి మీ మాటలన్నీ చదివి వినిపించినా. సతీ అనసూయ అనగానే "ఆ! అనసూయమ్మే" అనింది. తర్వాత పాలకొండ మాస్టారు నూతి దగ్గర మాట చదువుతాంటే, ఉండు ఉండు అని ఆపి, ఇంతకాలం చెప్పనిది చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తాను.

"బిడ్డలను ఉయ్యాల్లో ఏసినాక ఒకటి కెవ్వున ఏడ్సింది. ఆ యమ్మ పద్యం పాడతానే ఉంది, వాడు ఆపలా. హార్మనీ ఆయప్ప అట్లే లాగతా ఉండె. ఆ యమ్మ పద్యం ఆపి, ఎత్తుకోని, జనానికి పక్కకి తిరిగి కూచోని కొంగు కప్పి పాలిచ్చింది. ఆటలో కాదు రా, నిజంగానే. ఆ బిడ్డ ఆమె బిడ్డే. అంతమంది జనం, ఒక్కరు గూడా మాట్లాడలా. వాడు తాగినాక మల్లా ఉయ్యాల్లో ఏసి, ఆపిన కాడినుంచి పద్యం అందుకునింది. ఆ రాత్రి మేనత్త ఇంట్లో పండుకున్నాం. పొద్దున మా అమ్మ, అంతమంది చూపు పడింది బిడ్డకు, బాలింత ఊరూరు తిరగతా ఉంది అని గిన్నెడు నెయ్యి, శేరు జొన్నలు ఇచ్చి నన్ను పంపింది. పోతే ఆ యమ్మ పందిరి ఎనక రోట్లో పిండి రుబ్బతాంది. నెయ్యి తీసుకోని నా తల నిమిరింది. చేతికి పిండి ఉన్నింది, నా ఎంటికలకు అంటింది. నేను రెండు దినాలు తల దువ్వుకోలా."

ఇది మా నాయనకు కూడా తెలీదంట.

హార్మోనియం · మంగళవారం రాత్రి

చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. ఆ హార్మోనియం వాయించినాయన, ఆవిడ మళ్ళీ అందుకునేదాకా శృతి వదలకుండా పట్టుకుని ఉంటాడు. ఎంతసేపు పట్టుంటుందో.

పాలకొండ_మాస్టారు · బుధవారం ఉదయం

మీ జేజి గారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. గుర్తొచ్చినవి ఇంకో రెండు: కృష్ణ లీలలు మా ఊళ్ళో కూడా ఆడారు, అల్లావుద్దీన్ అని ఇంకొకటి. దీపం రుద్దితే పొగలోంచి భూతం లేచేది. మా చెల్లిని ఆ రోజు ఇంట్లోనే వదిలి వెళ్ళాను.

రంగంవెనక · బుధవారం రాత్రి

నేను ఆదివారం లింగంపల్లి వెళ్తున్నాను. ఆ తరం పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. అనసూయలో చంటిబిడ్డగా పడుకున్నవాళ్ళు ఎవరెవరో వాళ్ళింట్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఏ ఊళ్ళో చూశారో, ఏ కాలమో జేజిని అడిగి చెప్తే వెతకడం తేలికవుతుంది.

రాయచోటి_పిల్లోడు · గురువారం ఉదయం

అడిగినాను అన్నా. లక్కిరెడ్డిపల్లె అంట, చెనిక్కాయలు పెరికే కాలం. ఏడ్చిన బిడ్డ బ్రహ్మ వేషం బిడ్డ, మధ్య ఉయ్యాల. మొగబిడ్డో ఆడబిడ్డో అది మటుకు కనుక్కోమని చెప్పింది.